ఫ్రిజ్జుకు సెలవిచ్చిన పండగ

ఆ రోజుల్లో నాకు ఉద్యోగమంటే ఇష్టం కన్నా భయమే ఎక్కువ. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో నంద్యాల పోయి, అక్కడో చిన్న ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. హెర్పిస్ వైరస్‌ను పట్టించే యాంటీబాడీ ఒకటి నా చేతికి అప్పగించారు. (వైరస్ సోకిన కణాన్ని వెతికి అతుక్కుంటుంది, మైక్రోస్కోపులో ఆ కణం పచ్చగా వెలుగుతుంది. అంతే దాని పని.) చిటికెన వేలంత సీసా, నెలల తరబడి ఎదురుచూస్తే వచ్చింది, ఎప్పుడూ ఫ్రిజ్జు చల్లదనంలోనే ఉండాలి. "ఇది చెడిందంటే నీ ఉద్యోగమూ చెడినట్టే" అన్నారు ప్రయోగశాల నడిపే మేడం, నవ్వకుండా.

దసరా సెలవులు ముగించుకుని వచ్చేసరికి ఫ్రిజ్జు నిండా పసుపు, కుంకుమ బొట్లు, మెడలో బంతిపూల దండ. (ఫ్రిజ్జుకు మెడ ఎక్కడని అడక్కండి, మావాళ్లు కనిపెట్టారు.) ప్లగ్గు మాత్రం పీకేసి ఉంది. లోపల సీసా వెచ్చగా తగిలింది.

"ఏంది మామా ఇది? ఎందుకు ఆపినావ్?" అని అరిచాను. మామంటే మా అటెండరు, అందరికీ మామే.

"మొన్న ఆయుధపూజ గదమ్మా. ట్రాక్టర్లకే సెలవిస్తాండారు, ఇదేం పాపం చేసినాది? ఏడాది పొడుగునా గుర్రుమంటానే ఉండాది!" అన్నాడు నిమ్మళంగా. నేను గబగబా ప్లగ్గు పెట్టేశాను.

మేడంకు ఫోన్ చేస్తే, "ఎల్లుండి వస్తా, ఏదీ ముట్టుకోవద్దు" అని పెట్టేశారు. ఆ సాయంత్రం బస్సు శిరివెళ్ల దాటేలోపే మనసులో రాజీనామా రాసేసి, నాయనకు చెప్పాల్సిన మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అన్నం సహించలేదు. "యాడ మనసు పెట్టుకోని తింటాండావే?" అంది అమ్మ.

మేడం వచ్చి, వైరస్ సోకిన కణాల స్లైడు మీద యాంటీబాడీ చుక్క వేయించారు. కడగడం, ఆగడం, మళ్లీ కడగడం. మైక్రోస్కోపులోకి చూశాను. కణాలన్నీ కేసీ కాలువ కింది వరిమడిలా పచ్చగా వెలుగుతున్నాయి! వైరస్ లేని స్లైడు మాత్రం చీకటిగానే ఉంది. యాంటీబాడీ నాకన్నా గట్టిది, వేడికి తట్టుకుంది. నాకు ఏడుపొచ్చేసింది.

మేడం అప్పుడు నా మొహం వైపు పరీక్షగా చూశారు. "స్లైడులో ఏం వెతుకుతాండావ్ పాపా, హెర్పిస్సు నీ మూతి మీదే ఉండాది గదా!"

పెదవి అంచున నీటిపొక్కులు గుత్తిగా లేచి ఉన్నాయి. భయానికి, దిగులుకు లోపల నిద్రపోయే హెర్పిస్ లేస్తుందని చదివి, పరీక్ష రాసి పాసయినదాన్నే. అది నా మూతి మీదికే వస్తే మాత్రం పోల్చుకోలేక, అమ్మ చెప్పినట్టు వెన్న పూసుకుని వచ్చాను.

ఇప్పుడు సీసాలు పగిలినా నాకు మూతి పేలదు. అప్పటి నాలోని ఆ పిల్ల మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తుంది. పాపం, ఎంత మనస్ఫూర్తిగా భయపడేదో!