మూడో దెబ్బ

రేగుమానిపాలెంలో చర్చి గంట కొట్టే పని సువార్తమ్మది. ఆ పనికి జీతం లేదు. భర్త పాల్‌రాజు ఉన్నన్నాళ్లూ అతనే కొట్టేవాడు. ఏడేళ్ల కిందట అతను పోయిన రోజు గంట ముట్టేవాళ్లు లేక, ఏడుస్తూనే వెళ్లి తనే తాడు పట్టుకుంది. అప్పటినుంచి వారమంతా మిరపకోతకు పోయినా, ఆదివారం తెల్లవారేసరికి తాడు దగ్గర ఉంటుంది.

గుడి ఊళ్లో లేదు. స్థలం దొరికిందని వాగుకు అవతల మెరక మీద కట్టారు. వాగంటే పేరుకే. ఇసుక, రాళ్లు, కంపచెట్లు. దాటడానికి చప్టా ఒకటుంది, పక్కన గోడల్లేని సిమెంటు దారి. దాని మీదుగా నీళ్లు పారడం పిల్లలెవరూ చూడలేదు.

ఆ ఏడు కంది పూతలోనే మాడింది. వాన కోసం సంఘమంతా వారం రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. రోజూ పదకొండింటికి గంట మోగేది, జనం చప్టా దాటి గుడికి వచ్చేవాళ్లు. వాన పడితే స్తుతి ప్రార్థనకు మళ్లీ గంట కొట్టిస్తానని సంఘం పెద్ద యోసేపు చెప్పాడు. మూడోనాటికి తుఫాను పట్టుకుంది. రెండు రోజులు తెరిపి లేదు. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి.

ఆ ఉదయం గుడి కారుతుందని సువార్తమ్మ బకెట్లు పట్టుకుని బయల్దేరింది.

"ఇంత వానలో నువ్వు పోకపోతే గుడి కొట్టుకపోతాదా అత్తా?" అంది కోడలు ఇందు.

"బైబిళ్లు నానతాయి. రోజీకి జొరం చూసుకో."

రోజీకి మూడేళ్లు, ఇందు పెద్దబిడ్డ. చిన్నవాడికి ఎనిమిది నెలలు. సువార్తమ్మ కొడుకు ఇమ్మానుయేలు దోర్నాలలో హోటల్ పనికి పోయి, వానకు అక్కడే చిక్కుకున్నాడు.

గుళ్లో బకెట్లు సర్దుతుండగా గొర్రెల యల్లయ్య వచ్చి గుడి మెట్ల మీద పడ్డాడు. ఒంటి మీద గొంగడి లేదు.

"అక్కా! ఎగువ చెరువు కట్ట తెగిపోయినాది. నా గొర్రెలు సగం కొట్టుకపోయినాయి."

"ఎంతసేపట్లో వస్తాయన్నా నీళ్లు?"

"ఎంతసేపేంది, నా ఎనకాలే వస్తన్నాయి! ఊర్లోవాళ్లను ఊరెనక మిట్ట ఎక్కమను!"

సువార్తమ్మ తాడు అందుకుంది. బలమంతా పెట్టి, ఊపిరి తిప్పుకోకుండా కొట్టింది. ఎందుకు కొడుతున్నదో అందరికీ తెలుస్తుందనే అనుకుంది.

వాన తెరలోంచి ఊరు కదిలింది. గొడుగులు, తల మీద యూరియా సంచులు. మిట్ట వైపు కాదు, చప్టా వైపు. చంకల్లో ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన బైబిళ్లు.

సువార్తమ్మ తాడు లాగడం ఆపింది. ఆ ఊళ్లో ప్రార్థనకు గంట ఉంది, పెళ్లికి గంట ఉంది. నీళ్లొస్తున్నాయని చెప్పే గంట లేదు. వాళ్లు స్తుతి ప్రార్థనకు వస్తున్నారు. ఆమే పిలిచింది.

యల్లయ్య కుంటుకుంటూ వాగు వైపు పోయి, రావద్దని చేతి కర్ర ఊపాడు. అవతలినుంచి ఎవరో చెయ్యి ఊపారు, వస్తున్నామన్నట్టు.

అందరికంటే ముందు నీలం గొడుగు. ఇందు. గొడుగు కింద చీర చెంగులో చుట్టిన చిన్నవాడు. రోజీని పక్కింటి రాహేలుకు అప్పజెప్పి వచ్చినట్టుంది.

ఎగువనుంచి లారీలు బారుగా వస్తున్నట్టు మోత మొదలైంది.

ఇక ఒకటే మిగిలింది. చావుగంట. పోయినవాళ్ల వయసు ఎన్నేళ్లయితే అన్ని దెబ్బలు, దెబ్బకూ దెబ్బకూ మధ్య గుక్కెడు ఊపిరంత ఎడం. అది మొదలైతే పాలెంలో ఎవరైనా ఉన్నచోటనే ఆగి లెక్కపెడతారు. దెబ్బలు ఆగాకే కదులుతారు. చావు లేకుండా అది కొట్టకూడదు. తెలిసే ఆమె తాడు లాగింది.

ఒకటి.

గట్టు మీద జనం ఆగారు. సంచులు తలల మీదినుంచి దిగాయి. సువార్తమ్మ ప్రాణం కుదుటపడబోయింది.

నీలం గొడుగు కూడా ఆగింది, చప్టా నడిమధ్యలో.

రెండు.

ఇందు తలవంచి నిలబడింది. లెక్కపెడుతోంది. ఎర్రనీళ్లు అప్పటికే ఆమె పాదాల మీదుగా పోతున్నాయి. డెబ్బై దాకా కొడితే డెబ్బై దాకా అక్కడే నిలబడుతుంది. ఇప్పుడే ఆపేస్తే, పాలెంలో రెండేళ్ల బిడ్డలు నలుగురున్నారు. ఎవరి బిడ్డో తెలియక ఇంకా నిలబడుతుంది.

మూడేళ్ల బిడ్డ ఊరంతటికీ ఒక్కటే.

"దేవా, నన్ను చూడొద్దు," అంది సువార్తమ్మ.

మూడు.

తాడు వదిలేసింది.

ఇందు అరుపు వినపడలేదు. నోరు తెరవడం కనపడింది. గొడుగు విసిరేసింది, వెనక్కి తిరిగింది, చిన్నవాణ్ని గుండెకు అదుముకుని వచ్చిన దారినే పరిగెత్తింది. ఆమె గట్టెక్కి జనంలోకి దూసుకుపోయేసరికి వాగు వచ్చింది. చెట్లతో, పాకలతో, దూలాలతో వచ్చింది. ఆ తర్వాత చప్టా లేదు.

జనం రోజీనీ ముసలివాళ్లనూ ఎత్తుకుని మిట్టెక్కారు. కింది వీధి ఇళ్లు పద్దెనిమిది మధ్యాహ్నానికి మట్టిముద్దలయ్యాయి. అందర్నీ రాచర్ల బడికి చేర్చారు. సువార్తమ్మా యల్లయ్యా మర్నాడు ట్రాక్టరు మీద చుట్టుతిరిగి అక్కడికి వచ్చారు.

బడి వరండాలో యోసేపు అందరికీ చెబుతున్నాడు. "అవతల గుళ్లో ఉన్న మనిషికి ఇవతల ఇంట్లో బిడ్డ పోయిందని ఎట్ల తెలుస్తాది? ఆ మాట మాలో ఒక్కడికీ తట్టలేదు చూడు!"

"తట్టుంటే చప్టా మీద కూసోని చర్చ పెట్టేటోడివి మామా," అంది రాహేలు.

నవ్వారు. ఇందు నవ్వలేదు. తడి గోడకు ఆనుకుని, రోజీని ఒడిలో పొదువుకుని కూర్చుంది. సువార్తమ్మ ఆమె ఎదురుగా చతికిలబడింది.

"ఇంటిదాకా ఎట్ల పోయినానో నీకు తెల్దు," అంది ఇందు. "తలుపు తియ్యలేకపోయినా. రాహేలత్త తీసింది."

"తెల్సమ్మా."

"తెల్దు. నువ్వు దాని చావుగంట కొట్టినావు."

"కొట్టినా."

"ఇంకేం తట్టలేదా నీకు?"

"లేదు తల్లీ."

పక్కన గుడ్డల మీద చిన్నవాడు లేచి ఏడుపందుకున్నాడు. ఇందు వాణ్ని ఒంటిచేత్తో ఎత్తి అత్త ఒడిలో పెట్టింది. రోజీ కూడా నాయనమ్మ దగ్గరికి పోతానని లేవబోతే, నడుము చుట్టూ చెయ్యి బిగించి తన దగ్గరే ఉంచుకుంది.