సంచిలో ఉండిపోయిన సన్నాయి

మా అమ్మ గుడికి వెళ్తే దేవుడికి వీపు పెట్టి కూర్చునేది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ళు కట్టుకున్న గుడి అది. శ్రీరామనవమికి కల్యాణం జరుగుతుంటే ఆడవాళ్ళంతా తలంబ్రాల కోసం ముందుకు తోసుకునేవాళ్ళు. అమ్మ మాత్రం ఓ పక్కన సన్నాయి మేళం ఎదురుగా చాప పరుచుకుని, వాళ్ళ వేళ్ళకేసి చూస్తూ కూర్చునేది. స్వామి ఇటున్నాడమ్మా అని పూజారి వేళాకోళం చేస్తే, ఆయన ఎక్కడికీ పోడు, వీళ్ళు సాయంత్రం బండికి వెళ్ళిపోతారు అనేది.

అప్పట్లో మేళం పలాస వైపు నుంచి వచ్చేది. వాళ్ళకి భోజనం మా క్వార్టర్‌లోనే. నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆయన మంచం మీద డోలాయన గుర్రుపెడుతూ ఉండేవాడు. నాన్న కాసేపు గొణిగి, కింద చాప వేసుకునేవాడు. అమ్మకి రాగాల పేర్లు తెలియవు. ఏడుపొచ్చినట్టుంటుంది కానీ ఏడుపు రాదు, అదొకసారి వాయించు బాబూ అని అడిగేది. ఏం అడుగుతోందో వాళ్ళకి తెలిసిపోయేది. అన్నం వడ్డిస్తున్న గరిటె అలాగే చేతిలో పట్టుకుని వినేది. కూర చల్లారిపోయేది. మా కడుపులు మాడిపోయేవి. నాకు చిన్నప్పటినుంచీ ముక్కుమీద కోపం, అన్నం ముందు పెట్టుకుని ఈ పాటలేమిటని అరిచేవాణ్ణి. అమ్మ నవ్వేది. ఆవిడ దేనికైనా నవ్వేది.

ఆ మేళంలో సన్నాయి వాయించే ఒకాయన రైల్వేలో ఖలాసీగా చేరి ఇక్కడే ఉండిపోయాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అమ్మకి అతను కొడుకు లెక్క. ఒక్కోసారి నాకంటే దగ్గర కొడుకేమో అనిపించేది.

మా శ్రీకాకుళం వైపు ఒక ఆనవాయితీ ఉంది. మునిమనవల్ని ఎత్తుకుని, నిండుగా బతికి పోయినవాళ్ళని మేళంతో సాగనంపుతారు. అలాంటి చావుకి ఏడవకూడదు. నాకు పదేళ్ళప్పుడు మా క్వార్టర్ల వరసలో ఒక ముసలామె పోతే అలాగే తీసుకెళ్ళారు. అమ్మ మెట్లమీద నిలబడి, సన్నాయి వంతెన అవతలికి వెళ్ళి వినపడకుండా పోయేదాకా కదల్లేదు. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. నన్నూ ఇలాగే పంపాలిరా అంది. ఆ తర్వాత ఏడాదికోసారైనా గుర్తుచేసేది, పండక్కి కొనాల్సిన చీర గురించి చెప్పినట్టు. ఎనభై దాటాక మా అప్ప మనవణ్ణి, అంటే మా అక్క మనవణ్ణి, ఒళ్ళో పెట్టినప్పుడు వాడి ముఖం చూసి అమ్మ అన్న మొదటి మాట:

"ఇంక నాకు సన్నాయి ఖాయమేరా."

నేను సరేనన్నాను. ఒకసారి కాదు, ఎన్నోసార్లు అన్నాను.

నేను బ్యాంకులో చేరి, నాన్న పోయాక రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టాను. అమ్మ నా దగ్గరికే వచ్చేసింది. కుడిపక్క ఇంట్లో రోజూ బోద్రీలో హైకోర్టుకి వెళ్ళే వకీలు, ఎడమపక్క కోని యూనివర్సిటీలో చదువు చెప్పే ప్రొఫెసరు. ఇద్దరూ ఈ ప్రాంతం వాళ్ళే. వాళ్ళ మధ్య ఇల్లు కట్టుకునేసరికి నాకు పరువనే జబ్బు పట్టుకుంది. వీధిలోకి వచ్చానంటే భార్యతో కూడా హిందీయే. మా తెలుగు రైల్వే లైనులో మాట్లాడుకునే కూలి తెలుగని నాలో నేనే ఒక మాట అనుకుని, దాన్ని నమ్మేశాను. ఎవరూ నాతో ఆ మాట అనలేదు.

ఆదివారం ఆదివారం సన్నాయి ఆయన సంచి తగిలించుకుని వచ్చేవాడు. అమ్మ ముందుగదిలో కూర్చుని వినేది. ఆయన సంచి విప్పగానే నేను లేచి వీధి వైపు కిటికీలు మూసేవాణ్ణి. ఉక్కగా ఉందిరా అని ఒకసారి అమ్మ అంది. దుమ్ము వస్తోందన్నాను. అమ్మ నావైపు చూసి నవ్వి, కొంగుతో విసురుకుంటూ వినడం మొదలుపెట్టింది. ఆవిడకి అర్థమైందనే నా అనుమానం. అర్థం కాకుండా ఉండే మనిషి కాదు.

తొంభై ఒకటో ఏట, చలికాలంలో ఒక ఉదయం, టీ తాగి గ్లాసు కింద పెట్టి, గోడకి ఆనుకుని అలాగే పోయింది. మర్నాడు పొద్దున తొమ్మిదయ్యేసరికి వీధి నిండా జనం. బ్యాంకువాళ్ళు, వకీలు, ప్రొఫెసరు, అందరూ తెల్లబట్టల్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. గేటు దగ్గర సన్నాయి ఆయన కూడా నిలబడ్డాడు. చంకలో గుడ్డసంచి ఉంది. డోలాయన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. నేను తల ఊపితే చాలు.

అప్ప లోపలినుంచి వచ్చి నా పక్కన నిలబడింది.

"అమ్మ ఏటి సెప్పిందో నీకు గేపకం నేదా?"

"ఇక్కడ బాగోదప్పా. అందరూ చూస్తన్నారు."

అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మని చప్పుడు లేకుండా బండి ఎక్కించాం. సన్నాయి ఆయన కూడా ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అర్పా నది ఒడ్డున చితి అంటుకునేదాకా ఉన్నాడు. సంచి ముడి విప్పలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

పదకొండో రోజు వెళ్ళాక కొత్త పంచె పట్టుకుని అతనింటికి వెళ్ళాను. సంవత్సరీకానికి అందర్నీ పిలుస్తాను, ఆ రోజు నీ ఇష్టం వచ్చినంతసేపు వాయించమని బతిమాలాను. పంచె కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు.

"మనిసి గడప దాటినప్పుడు వాయించేది బాబూ అది. ఇప్పుడు వాయిస్తే ఎవురికి?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని. తిరిగి వస్తూ రైల్వే కాలనీలోంచి వచ్చాను. మా పాత క్వార్టర్ల వరస ఖాళీ చేయించేశారు, తలుపులు కూడా లేవు. మా మెట్లు మాత్రం ఉన్నాయి. కాసేపు కూర్చుందామనుకున్నాను కానీ, ఆ మెట్ల మీద కూర్చోడానికి మొహం చెల్లలేదు.

మొన్న వానాకాలంలో వకీలుగారి నాన్నగారు పోయారు. ఆయనకీ తొంభై దాటాయి. పొద్దున్నే ఢోలు చప్పుడుకి బయటికి వచ్చాను. వీధి పొడుగునా జనం. పాడె మీద గులాల్ పొడి చల్లుతున్నారు, బ్యాండువాళ్ళు వాయిస్తున్నారు, మనవలు ముందు నడుస్తూ చిందులేస్తున్నారు. ఎవరికి పడితే వాళ్ళకి పాఠాలు చెప్పే ఆ ప్రొఫెసరు కూడా నుదుట గులాల్ పెట్టించుకుని పాడెకి భుజం పట్టాడు. ఎవరూ ఎవర్నీ వింతగా చూడలేదు. ఈ ఊళ్ళోనే పుట్టాను, అరవై ఏళ్ళు వచ్చాయి. ఇక్కడివాళ్ళు కూడా నిండుగా బతికినవాళ్ళని ఇలాగే పంపుతారని నాకు తెలియకపోలేదు. అది వాళ్ళు చేస్తే అందంగానే కనపడేది, మేం చేస్తే నలుగురూ నవ్వుతారనుకున్నాను.

శ్మశానం నుంచి తిరిగి వస్తుంటే వకీలుగారు నా పక్కన నడిచారు. ముఖమంతా గులాలే, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అమ్మగారి సన్నాయంటే మా నాన్నకి ప్రాణం అన్నారు హిందీలో. ఆదివారం మీరు కిటికీలు మూసేసేవాళ్ళు కదా, సరిగా వినపడటం లేదని కుర్చీ మీ గోడ దగ్గరికి లాక్కుని కూర్చునేవారు అన్నారు. మరి అమ్మగార్ని మాత్రం చప్పుడు లేకుండా పంపేశారు, మీలో బాజాలు పెట్టరా అని అడిగారు.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను.

"హమారే యహా నహీ హోతా," అన్నాను. మాలో లేదని.

"అచ్ఛా," అన్నారాయన. పాపం, నమ్మేశారు.