టీచరమ్మ కారులో సన్నని ఈల

కార్లలో టేపులూ స్పీకర్లూ బిగించే ఆయన్ని ఆ వీధిలో అందరూ పాటల మేస్త్రి అనేవారు. వైర్లు పరీక్షించే మీటరు పట్టుకోవడం ఆయనకు నామోషీ. డాష్‌బోర్డుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, ఏ వైరు ఎక్కడ వదులైందో చెప్పేసేవాడు. ఆ చెవి మీదే ఇరవై ఎనిమిదేళ్లు ఇల్లు నడిచింది. ఇప్పుడు కొత్త కార్లన్నీ తెరలతో సహా తయారై వస్తున్నాయి. షెడ్డుకు వచ్చేవి పాత బళ్లే, అవీ వారానికి ఒకటో రెండో. సగం షెడ్డు సీటు కవర్లతనికి ఇచ్చేశాడు.

ఒక మధ్యాహ్నం రిటైరైన సంగీతం టీచరమ్మ తన ముసలి కారు తెచ్చింది. చేతిలో అగ్గిపెట్టెంత ప్లేయరు. తన దగ్గర నేర్చుకున్న పిల్లలందరి పాటలూ అందులో ఉన్నాయట, కారులో వినాలని ఆవిడ కోరిక. ఆ స్టీరియోకు క్యాసెట్ పెట్టే సందు తప్ప మరో దారి లేదు. మేస్త్రి దాన్ని ఊడదీసి, వెనక తీగలు అతికి, ఒక వైరు ముందుకు లాగాడు. ప్లేయరు ఛార్జింగ్ కూడా అయ్యేలా లైటరు సాకెట్ నుంచి కరెంటు ఇచ్చాడు. ఏదో పసిగొంతు కారంతా నిండింది. చాలా రోజులకు చేతికి తగిన పని దొరికిందన్న హుషారుతో ఇంజను స్టార్ట్ చేశాడు.

"ఈల వేసినట్టు ఆ మోతేంటండీ? మీరు యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతోంది," అంది టీచరమ్మ.

మేస్త్రికి పాట వినిపిస్తోంది. ఈల లేదు. బళ్లకొచ్చే ఆ ఈల జబ్బు ఆయనకు కొట్టినపిండి, వందల బళ్లకు కుదిర్చినవాడు. ఎర్తు వైరు చోటు మార్చాడు, మోత ఆపే ఫిల్టరు పెట్టాడు, ప్రతిసారీ పోయిందా అని అడిగాడు. మూడోసారి ఆవిడ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, పోయిందండీ అంది. ఆ చూపు ఆయనకు అర్థమైంది. కవర్లతన్ని పిలిచి వినమన్నాడు.

"అలాగే ఉంది బాబాయ్. నీకు వినపడట్లేదా?"

 వినేటప్పుడు ఛార్జింగ్ వైరు పీకెయ్యమని మేస్త్రి టీచరమ్మకు చెప్పాడు. పీకితే మోత ఆగిందని వాళ్లిద్దరూ అన్నారు. నమ్మడం తప్ప ఆయన చేసేదేమీ లేకపోయింది.

టీవీ మోత ఎక్కువ పెడుతున్నాడని భార్య ఏడాదిగా పోరుతూనే ఉంది. నీ చెవులే మరీ సున్నితమని ఆయన ఆవిణ్ని ఎగతాళి చేసేవాడు. ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూనే, "నువ్వన్నదే నిజం," అన్నాడు. ఆవిడ మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. సన్నని శబ్దాలు పోయాయి, ఇక తిరిగి రావు, మిగిలినవీ మెల్లగా తగ్గుతాయి అన్నాడు డాక్టరు. చెవిలో మిషన్ పెట్టి చూపిస్తే మాటలు తెలిశాయి గానీ, పాట మాత్రం రేకు డబ్బాలో రాళ్లు కదిపినట్టు ఉంది. వద్దని తీసి ఇచ్చేశాడు.

నెల తిరక్కుండా మేస్త్రి తన బోర్డు తనే దింపేశాడు. ఇప్పుడు కవర్లతని దగ్గరే పనిచేస్తున్నాడు. తోలు లాగి, మూలలు మడిచి, క్లిప్పులు బిగిస్తాడు. దానికి చెవితో పని లేదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తలెత్తడు. కవర్లతను వచ్చి భుజం తడితే, అప్పుడు వెనక్కి తిరుగుతాడు.