దిగుతానని అనవలసిన చోట

బెజవాడలో మా వీధి చివరింట్లో ఒక మాస్టారుండేవారు. బడి మాస్టారు కాదు, బండి తోలడం నేర్పే మాస్టారు. మిలటరీలో మోటారు సైకిలు మీద కాగితాలు చేరవేసే పని చేసి, రిటైరై వచ్చిన మనిషి. ఆదివారం చర్చి నుంచి రాగానే గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, రోడ్డున పోయే బళ్ళను చూస్తూ కూర్చునేవారు. ఉన్నట్టుండి "ఇతను పడతాడు" అనేవారు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. స్కూటరుకి పాల క్యాన్లు కట్టుకుని తిరిగే ఒకాయన్ని చూసి అలాగే అన్నారు. నెల తిరక్కుండా ఆయన కాలవ వంతెన మలుపులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మాస్టారి నోరు మంచిది కాదని నాకు గట్టి నమ్మకం. ఆ కుర్చీ ముందు నుంచి పోవలసి వస్తే తల వంచుకుని గబగబా నడిచేదాన్ని.

అలాంటి మనిషి దగ్గరికే మావారు మోటారు సైకిలు నేర్చుకోవడానికి వెళ్ళారు. డెబ్బైల నడిమి సంగతి. మావారిది పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం, ఊరూరా తిరిగి గొడ్లకి సూదులు వెయ్యాలి. బండి తోలగలిగితేనే ఆ పని. లేకపోతే ఆఫీసులో మూలన కూర్చుని రిజిస్టర్లు రాసుకోవడం. ఆయనకేమో గొడ్డు మెడ మీద చెయ్యి వేస్తే గాని రోజు గడిచినట్టుండదు.

ఎండాకాలం, బ్యారేజీ దిగువన కృష్ణ ఎండి ఇసక మేట వేసి ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం అక్కడే పాఠం. మాస్టారు ఇటుకలు వరసగా పెట్టి, వాటి మధ్య నుంచి కాలు కింద పెట్టకుండా, నడిచే మనిషి కంటే నెమ్మదిగా బండి తెమ్మనేవారు. జోరుగా తోలడం ఎవడికైనా వస్తుందట, నెమ్మదిగా తోలడమే విద్యట. ఇసకలో, బురదలో, తడి గడ్డిలో బ్రేకు ఎంతవరకు నొక్కొచ్చో, ఎక్కడ అసలు ముట్టుకోకూడదో వందసార్లు చేయించేవారు. మావారు వందసార్లు పడ్డారు, వందసార్లు లేచారు. నెలన్నరకి పడడం మానేశారు.

అప్పుడు మాస్టారు నన్నూ రమ్మని కబురు పంపారు. తోలేది ఆయనైతే పాఠం నాకెందుకని విసుక్కుంటూనే వెళ్ళాను. పైట చెంగు చక్రంలో పడకుండా ఎలా దోపుకోవాలో, మలుపులో ఒళ్ళు ఎటు వంచాలో చూపించారు. తర్వాత మా ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి చెప్పారు.

"తోలేవాడికి పంతం ఉంటదమ్మా. ఎనకున్నోళ్ళకి ఉండదు. నీకు భయమేసిన చోట దిగుతానను. ఆ మాట వినబడితే ఇతను బండి ఆపాలి. ఎందుకని అడక్కూడదు."

మావారు సరేనన్నారు. నేనూ తలూపాను. మాస్టారు నన్ను చాలాసేపు చూశారు, రోడ్డు మీద బళ్ళను చూసినట్టే.

"మీ ఆయన పడడమ్మా. పడితే నీ మొహమాటం వల్ల పడతాడు."

ఆ మాటకి ఆయన్ని ఇంటిల్లిపాదినీ కలిపి తిట్టుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దసరాకి మావారి ఊరు వెళ్ళాం, కూచిపూడి అవతల. వాన వెలిసి కాలవ గట్టు జారుడుగా ఉంది. నేను దిగుతానన్నాను. మావారు మారు మాట్లాడకుండా ఆపారు. నేను దిగి బురదలో నడుస్తుంటే ఆయన మెల్లగా బండి దాటించారు. అవతల మా పెద్దమావయ్యగారు, అంటే మావారి పెదనాన్న, నలుగురితో కూర్చుని చూస్తున్నారు. "పెళ్ళానికే నమ్మకం లేని బండి మనమెక్కుతామా" అన్నారు. అందరూ నవ్వారు. సాయంత్రానికి ఊళ్ళో పిల్లకాయలకి కూడా ఆ మాట నోటికొచ్చేసింది. మావారూ నవ్వారు గాని, అన్నం దగ్గర ఎవరి మొహమూ చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మళ్ళీ వెళ్ళింది మాఘమాసం చివర. మినుము కోతల రోజులు. మా వైపు కోసిన మినప కట్టె, అంటే కాయలతో ఎండిన మొక్కలు, తెచ్చి తారు రోడ్డు మీద మోకాలెత్తు పరుస్తారు. వచ్చే పోయే బళ్ళు తొక్కుతుంటే కాయలు పగిలి గింజ రాలుతుంది. బళ్ళు పక్క నుంచి పోకుండా అటూ ఇటూ పెద్ద రాళ్ళు పెడతారు. తొక్కించి పోవడం రైతుకి సాయం చేసినట్టు. తప్పుకుని పోతే మాట పడాలి.

మిట్టమధ్యాహ్నం ఊరి మొదట్లో రోడ్డంతా కట్టె పరిచి ఉంది. పక్కన కట్టె తిరగేసే పంగల కర్ర ఆనించుకుని పెద్దమావయ్యగారు, మరో ముగ్గురు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు.

"తొక్కించుకుంటా రారా అబ్బాయ్!"

కింద గింజలు, పైన కట్టె. ఇసక కంటే పాడు. మాస్టారు అలాంటి చోట ఏం చెయ్యాలో ఎన్నిసార్లు చెప్పారో నాకు తెలుసు. వెనక మనిషి దిగాలి, తోలేవాడొక్కడే పోవాలి, బ్రేకు ముట్టుకోకూడదు. మావారు బండి బాగా నెమ్మది చేశారు. మెడ కాస్త వెనక్కి తిప్పారు. నా మాట కోసం చూశారు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు, తర్వాత తెలిసింది కాదు.

పెద్దమావయ్యగారు నవ్వుతూ నావైపే చూస్తున్నారు. నేను పైట చెంగు బిగించి దోపుకున్నాను.

మావారు ముందుకి పోనిచ్చారు. సగం దూరం బాగానే వెళ్ళాం. కట్టె మేస్తున్న దూడని ఒకావిడ అదిలిస్తే అది మాకడ్డంగా ఉరికింది. వెనక బరువు లేకపోతే పక్కకి తప్పించేవారేమో. ఆయన కాలు బ్రేకు మీద పడింది, బండి జారి పక్కకి ఒరిగిపోయింది. నేను మెత్తగా కట్టె మీద పడ్డాను, మోచెయ్యి గీరుకుంది. మావారి మోకాలు బండికీ రాయికీ మధ్య చితికింది.

మొహమాటానికి పోతే కడుపయ్యిందని మోటు సామెత ఒకటుంది. అది విని నవ్వేవాళ్ళని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

బెజవాడ ఆసుపత్రికి మాస్టారు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. మోకాలు ఇక వంగదని డాక్టర్లు ఆ పొద్దునే చెప్పారు. మాస్టారు కాలు వంక చూడలేదు. "అమ్మాయి దిగుతానని అందా?" అని మావారిని అడిగారు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

"అందండీ. నేనే వినలేదు" అన్నారు మావారు.

మాస్టారు బత్తాయిలు మంచం మీద పెట్టారు. "అయితే నీకు నేర్పింది దండగ" అని లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. వీధిలో ఎదురుపడితే నన్ను పలకరించేవారు, మావారిని పలకరించేవారు కాదు. మావారు ఆఫీసులో మూల కుర్చీకి చేరి రిజిస్టర్లు రాయడం మొదలుపెట్టారు. ఎందుకు అనలేదని నన్ను ఆ రోజు గాని, ఆ తర్వాత గాని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి తిట్టి ఉంటే బాగుండేది.

ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక మాస్టారింటికి వెళ్ళాను. నిజం చెప్పేసి రావాలనే వెళ్ళాను. ఆయన మంచం పట్టి ఉన్నారు. నన్ను చూడగానే కూర్చోమని, లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నారు.

"నీ తప్పేం లేదమ్మా. నువ్వు చెప్పాల్సింది చెప్పావు. మనసులో ఏం పెట్టుకోకు."

ఆ ముసలి మొహం ఎంత తేటగా ఉందో. నేను కాఫీ తాగి ఇంటికి వచ్చేశాను.