టీచరుగారి మోకాలు

మా పక్కింటి టీచరుగారు పోయారన్న మాట నేను లెక్క రాసే కొబ్బరి దుకాణంలో నాకు తెలిసింది. పొద్దున్నే పాలు పోసే ఆవిడ ఎంత పిలిచినా తలుపు తీయలేదట. పాస్టరుగారు ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్ళిపోయేరండి. గుండె ఆగిపోయిందన్నారు. మీరొకసారి రండి," అన్నారు. రాస్తున్న లెక్క సగంలో ఆపి లేచాను.

సమాధి దగ్గర ఇద్దరు ముగ్గురు "ఆ మోకాలి సూదులే ఆవిణ్ణి తినేశాయండి" అనుకుంటుంటే విన్నాను. అది నిజం కాదు. ఆవిడ ఆ సూదులు మానేసి చాలా కాలమైంది. అయితే వాటివల్ల ఆవిడకి కష్టం రాకపోలేదు. వచ్చిన కష్టం ఏమిటో, దాన్ని ఆవిడ ఎలా దాటారో పక్కింట్లో ఉన్నందుకు నాకు తెలుసు. రోజూ కాయల లెక్క రాయడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

టీచరుగారు పెళ్ళి చేసుకోలేదు. మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. బడి మానేశాక కూడా ముడిలో పెన్సిలు గుచ్చుకునే తిరిగేవారు. నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను, పొట్లాల కాగితాలు చూసి చదవడం నేర్చుకున్నాను. అది తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ చదివేసిన పేపరు మడిచి మా ప్రహరీ మీద పెట్టేవారు. పైన ఒక రాయి. నేను ఏదైనా రాసి చూపిస్తే, "తప్పుని దిద్దకు తమ్ముడూ, గీత కొట్టి పక్కన రాయి. రేపు చూసుకోడానికి ఉండాలి," అనేవారు. మా ఆవిడ పోయాక రోజులో నాతో ఎవరైనా మాట్లాడారంటే చాలాసార్లు అది ఆ గోడ దగ్గరే.

మా చర్చిలో, మేం గుడి అనే అంటాం, నెలకో ఆదివారం ప్రభువు సంస్కారం ఇస్తారు. వరసలు వరసలుగా వెళ్ళి, ముందున్న చెక్క కమ్మీ దగ్గర మోకరించి, రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం. టీచరుగారికి మోకాళ్ళు అరిగాయి. కుడి మోకాలు మరీ వాచేది. మెట్టు దిగితే పళ్ళు బిగపట్టేవారు. అయినా మోకరించకుండా సంస్కారం తీసుకోవడం ఆవిడకి ఇష్టం లేదు.

అందుకని సంస్కారానికి ముందు శనివారం ఊళ్ళో వైద్యం ప్రాక్టీసు చేసే ఆయన దగ్గరికి వెళ్ళేవారు. నా బండి మీదే. ఆయన అరుగు మీదే కూర్చోబెట్టి, దూదితో ఒకసారి తుడిచి, మోకాల్లో సూది వేసేవాడు.

"చిన్న సూదండి టీచరుగారూ. రేపు పరిగెడతారు."

"పరుగెందుకయ్యా ఈ వయసులో. వంగితే చాలు."

మర్నాడు నిజంగానే వంగేవారు. కమ్మీ దగ్గర మోకరించి, లేచి, తెల్లచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వెనక్కి వచ్చేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి. మళ్ళీ నెల తిరిగేసరికి వాపు, మళ్ళీ శనివారం, మళ్ళీ సూది.

ఇంకో సంగతి కూడా జరుగుతుండేది. ఆవిడకి షుగరు ఉంది. సంస్కారం అయిన వారంలో పరీక్ష చేయించుకుంటే ఎప్పుడూ ఎక్కువే వచ్చేది. ఆవిడ తననే తిట్టుకునేవారు. కాఫీలో పంచదార మానేశారు, ఎవరైనా కొబ్బరి లౌజు తెస్తే గోడమీంచి నాకిచ్చేసేవారు. అయినా తగ్గలేదు. షుగరు డాక్టరుకి ఈ సూది మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తరవాత అడిగాను. "దేవుడి ముందు వంగడానికి మందు కొట్టించుకుంటున్నానని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?" అన్నారు.

ఒకసారి సూది వేయించుకున్న కొన్నాళ్ళకి ఆ మోకాలు ఎర్రబడి కాలిపోసాగింది. చలిజ్వరం. ప్రాక్టీసు ఆయన మాత్రలిచ్చి తగ్గుద్దన్నాడు. తగ్గలేదు. కాలు నేల మీద ఆనించలేకపోతుంటే ఆటో పిలిచి అమలాపురం తీసుకెళ్ళాను. ఎముకల డాక్టరమ్మ చిన్నావిడే. మోకాలు మీద చెయ్యేసి చూసి, వెంటనే నీరు తీయించింది. నీరు కాదు, చీము. సూదుల సంగతి నేనే చెప్పాను.

"నెలనెలా ఈ సూది ఎవరేసేరండి?"

"మా ఊళ్ళో డాక్టరుగారమ్మా."

"అందులో ఏం మందుందో అడిగేరా?"

"వాపు తగ్గుద్దన్నారు. తగ్గింది."

"తగ్గుద్దండి. తగ్గడమే దాంతో చిక్కు. బాగుందనుకుని మళ్ళీ మళ్ళీ వేయించేసుకుంటారు."

తరవాత డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. అది స్టెరాయిడు. చెడ్డ మందేమీ కాదు, తనూ వేస్తుంది. కానీ ఒకే కీలులో వేసేటప్పుడు కనీసం మూడు నెలలు ఎడం ఉండాలి. పదే పదే వేస్తే ఎముకల మధ్య మెత్తటి పొర ఇంకా అరిగిపోతుంది. షుగరున్న వాళ్ళకి కొన్నాళ్ళపాటు షుగరు పెరుగుతుంది, దానికి తగ్గట్టు మందు చూసుకోవాలి. శుభ్రం లేకుండా గుచ్చితే, అరుదుగానైనా, ఇలా కీలులోకి చీము చేరుతుంది.

టీచరుగారు అంతా విని, "అయితే నా షుగరు పంచదార వల్ల కాదన్నమాట," అన్నారు.

"కాదండి."

"ఆ లౌజంతా ఈ తమ్ముడు తిన్నాడు."

డాక్టరమ్మ నవ్వింది. వెంటనే కీలు తెరిచి కడగాలని, ఆలస్యమైతే కాలుకే ముప్పని చెప్పింది. ఆపరేషను గది బయట బెంచీ మీద కూర్చుంటే నర్సు వచ్చి, "మీరు ఆవిడకేమవుతారండి?" అని అడిగింది. "పక్కిల్లండి," అన్నాను. ఆ అమ్మాయి ఇంకెవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు.

కాలు నిలిచింది. ఇంటికి పంపే రోజు టీచరుగారు ఒక్కటే అడిగారు.

"మోకరించొచ్చామ్మా?"

"వద్దండి. ఆ మోకాలు మీద బరువు వెయ్యకండి. కర్ర పట్టుకోండి. తొడ గట్టిపడేలా చెప్పిన వ్యాయామం చెయ్యండి."

ఆ తరవాత వచ్చిన సంస్కారపు ఆదివారం నాకు బాగా గుర్తు. ఆడవాళ్ళ వైపు ఒక్కో వరసా లేచి ముందుకు వెళ్ళింది. టీచరుగారు లేవలేదు. చివరి బల్ల మీద కర్ర ఒళ్ళో పెట్టుకుని ఒక్కరే కూర్చున్నారు. మరుసటి నెలా అంతే. పాస్టరుగారు ఇంటికి వచ్చి, నిలబడి తీసుకోవచ్చండి, తప్పేం లేదండి, అని ఎంతో చెప్పారు.

"బళ్ళో ఎంతమంది చేత మోకాళ్ళేయించానో మీకు తెలీదండి. నా వంతొచ్చేసరికి సెలవుచీటీ పెట్టమంటారా?" అన్నారు టీచరుగారు. పాస్టరుగారు కాఫీ తాగి వెళ్ళిపోయారు.

క్రిస్మసు ముందు శనివారం సాయంత్రం ఆవిడ చెప్పులేసుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"తమ్ముడూ, బండి తియ్యి. ఒక్కసారికి వేయించుకుంటాను. పండగ కదా."

నేను బండి బయటికి తీశాను. స్టార్టు చెయ్యలేదు. "రమ్మంటే వస్తానండి. డాక్టరమ్మ చెప్పింది మీకు గుర్తుంది కదండీ," అన్నాను. ఆవిడ సీటు మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. ఎక్కడో గుడి మైకులో పిల్లలు పాట నేర్చుకుంటున్నారు. "బండి లోపల పెట్టెయ్," అని కర్ర పట్టుకుని వెళ్ళిపోయారు.

క్రిస్మసునాడు అందరూ మోకరించి, లేచి, ఎవరి చోట్ల వాళ్ళు కూర్చున్నాక నడవలో కర్ర చప్పుడైంది. టీచరుగారు ఒక్కరే ముందుకు వెళ్ళారు. కమ్మీ పట్టుకుని, తల వంచుకుని, నిలబడే తీసుకున్నారు. ఆ తరవాత ప్రతి నెలా అంతే, అందరి తరవాత, ఒక్కరే. చివరికే ఎందుకండి, మీ వరసతోనే వెళ్ళొచ్చుగా, అని ఒకసారి అడిగాను.

"వంగినవాళ్ళ మధ్య నిలబడితే అందరికంటే ఎత్తుగా కనపడతాను తమ్ముడూ. అక్కడ అదేం బావుంటుంది?"

తన సంగతి దాచుకోవడం మాత్రం మానేశారు. గుడి బయట మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళని నిలేసేవారు. "ఏం సూదో కాగితం మీద రాయించుకున్నారా? షుగరుందని చెప్పేరా? రక్తం పలచబడే మాత్రలేసుకుంటుంటే అదీ చెప్పాలి. సూదేసినాక కాలు ఎర్రబడి జ్వరమొస్తే తగ్గుద్దిలే అని కూచోకండి, నాలాగ." ప్రాక్టీసు ఆయన దగ్గరికీ వెళ్ళి అవే మాటలు చెప్పారు. ఆయన "ఆయ్, ఆయ్" అన్నాడు. ఎంతవరకు విన్నాడో నాకు తెలీదు.

ఇప్పుడు పేపరు నేనే కొనుక్కుంటున్నాను. చదివాక దాన్ని ఏం చెయ్యాలో తోచక మంచం కింద పెడుతున్నాను.

మొన్న ఆదివారం సంస్కారం ఇచ్చారు. మగవాళ్ళ వరసలు, ఆడవాళ్ళ వరసలు వెళ్ళి వచ్చి కూర్చున్నాయి. పాట అయిపోయింది. పాస్టరుగారు మాత్రం గిన్నె చేత్తో పట్టుకుని, అలవాటుగా నడవ వైపు చూస్తూ కమ్మీ దగ్గరే నిలబడ్డారు. ఎవరూ లేవలేదు. కాసేపటికి ఆయన వెనక్కి తిరిగి, గిన్నె బల్ల మీద పెట్టి, పైన తెల్లగుడ్డ కప్పారు.