అజీముద్దీన్ సాహెబు కుక్కల పేషీ

అజీముద్దీన్ సాహెబు వాయిదా వేయని పని ఈ భూమ్మీద లేదు. ఒకప్పుడు కచేరీలో పేష్కారుగా పనిచేసి, పింఛను పుచ్చుకుని ఎల్లారెడ్డిలో స్థిరపడ్డాడు. నౌకరీ వదిలింది గానీ పేషీలు వాయిదా వేసే అలవాటు వదల్లేదు. మంగలి వాకిట్లోకి వస్తే "వచ్చే బేస్తారం రా" అనేవాడు. ఆ బేస్తారం నాటికి గడ్డం ఇంకాస్త పెరిగేది, మాట మాత్రం మారేది కాదు. ఇల్లు కురుస్తుంటే "వాన వెలవనియ్, కప్పిద్దాం" అనేవాడు. వాన వెలిశాక "ఇప్పుడు కురుస్తలేదు గదా, తొందరేంది?" అనేవాడు.

వాళ్ళ గోడకు ఈవల మా ఇల్లు. ఆయన భార్య సాలెహాబీ గోడ మీదినుంచి మా అమ్మతో మొరపెట్టుకునేది. "మా నిఖాకు ఖాజీ వచ్చి కూసున్నంక గూడ, జర ఆగుదాం అన్నడమ్మా! మా అబ్బాజాన్ కట్టె అందుకుంటే గప్పుడు కబూల్ అన్నడు."

ఇంతటి మనిషి దగ్గరికి జనం తీర్పు కోసం వచ్చేవారంటే నమ్ముతారా? వచ్చేవారు. అందులోనూ కుక్కల తగాదాలు. మావైపు అడవి పందుల బెడద ఎక్కువ. పల్లీ చేను వేసినవాడికి కుక్కలు లేకపోతే మిగిలేది మట్టే. అందుకని మంచి జాతి ఆడకుక్కను కొని ఈనించి, పిల్లల్ని పెంచుకునేవారు. బేరాలన్నీ నోటి మాట మీదే. కుక్క ఈనగానే తగాదా కూడా పుట్టేది. కుక్కపిల్ల కోసం కచేరీకి పోతే నవ్వుతారు. సాహెబు నవ్వడు. పైగా ఆయన కుక్కను పెంచడు, ముట్టడు. కుక్క మూతి పైజామాకు తగిలిందా, స్నానం చేసి బట్టలు మార్చేదాకా సాలెహాబీ గడప తొక్కనివ్వదు. కనుక ఆయనకు ఏ కుక్క మీదా పక్షపాతం లేదని ఇరుపక్షాల నమ్మకం. గేటు బయట కుర్చీ వేసుకుని, దగ్గరికొచ్చే కుక్కల్ని గొడుగుతో ఆపుతూ విచారణ జరిపేవాడు. ఎక్కడెక్కడినుంచో వచ్చేవారు, బీర్కూర్ నుంచి కూడా. ఆయన అందరికీ వాయిదాలు సమానంగా పంచేవాడు.

మా చిన్నమ్మ నర్సవ్వ కూడా ఆ గేటు ముందు నిలబడవలసి వచ్చింది. భర్త పోయాక ఊరవతల పల్లీ చేను ఒక్కతే చేసుకునేది. ఆ ఏడు పందులు సగం చేను దున్నిపెట్టాయి. దాంతో కామారెడ్డి హన్మంతు దగ్గర బిజిలీ అనే వేటకుక్కను కొన్నది. హన్మంతు పశువులూ కుక్కలూ అమ్మే మనిషి, మీసం మీద చెయ్యి తీయడు. సొమ్ము కొంత ఇప్పుడిచ్చి, మిగతాదానికి పిల్లల్లో వాటా ఇచ్చేటట్టు ఒప్పందం. అక్కడే ఇద్దరూ ఘనమైన తప్పు చేశారు. వాళ్ళకు తెలిసిన ఒప్పందం మేకల ఒప్పందం ఒక్కటే. దాన్నే తెచ్చి కుక్కకు తగిలించారు. మొదటి పిల్ల హన్మంతుది, రెండోది నర్సవ్వది, మూడోది మళ్ళీ హన్మంతుది, అట్లా వరస.

మేక అయితే ఒకటో రెండో ఈనుతుంది. బిజిలీ గడ్డిలో దూరి ఆరు పిల్లల్ని పెట్టింది. చిన్నమ్మ చేనునుంచి వచ్చేసరికి ఆరూ ఒక కుప్ప. ఏది మొదటిదో, ఏది చివరిదో చూసినవాడు లేడు. ఆ కుప్పలో ఒక నల్లది ఉంది, తోడబుట్టినవాటి మీద పడుకుని పాలన్నీ తనే తాగే రకం. ఇద్దరి కన్నూ దాని మీదే.

కబురందగానే హన్మంతు గంప చంకన పెట్టుకుని బస్సెక్కి వచ్చాడు. "నల్లదే మొదటిది. ఇయ్యాలనే నా మూడు పిల్లల్ని నాకియ్యి. డోంగ్లి దొరకు అమ్ముతనని మాటిచ్చిన."

"నల్లది నీదెట్లయితది? అది పందికి ఎదురు నిలబడే పిల్ల. నా చేను బతకాల్నంటే గదే గావాలె!" అన్నది చిన్నమ్మ.

మాట మాట పెరిగి, గొడవ సాహెబు కుర్చీ ముందుకు వచ్చింది. చిన్నమ్మ తరఫున మాట్లాడటానికి నేను పోయాను. సాహెబు అంతా విని, గొడుగు మూసి, గంభీరంగా అడిగాడు.

"పిల్లల కండ్లు తెరుసుకున్నయా?"

"ఇంకా లేదు సాబ్."

"కండ్లు తెరవనోళ్ళ మీద ఫైసలా ఎట్ల చేస్త? పేషీ వాయిదా. అప్పటిదాంక పిల్లలు తల్లికాడనే, ఎవ్వలు ముట్టొద్దు."

హన్మంతు పళ్ళు కొరుక్కుంటూ ఖాళీ గంపతో బస్సెక్కాడు. రెండో పేషీకి వస్తే, మౌకా, అంటే పిల్లలు పుట్టిన చోటు, చూడాలన్నాడు సాహెబు. చిన్నమ్మ వాకిట్లోకి వచ్చి, దూరంగా నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, పిల్లల్నీ గడ్డినీ తేరిపార చూశాడు. "తల్లికి ఏం పెడుతున్నవమ్మా? పక్క బొక్కలు తేలినయ్. పాలు పొయ్యి" అని చెప్పి వాయిదా వేశాడు. మూడో పేషీలో తల్లి వాంగ్మూలం కావాలన్నాడు. బిజిలీని తెచ్చి నిలబెడితే అది ఆవులించింది. "గవాహి అలిసిపోయింది, వాయిదా" అన్నాడు. ఆ తర్వాతి పేషీకి ఆయనకే పడిశం పట్టింది.

హన్మంతు గొంతు చించుకున్నాడు. "సాబ్, నీ వాయిదాలకు నా చెప్పులరిగినయ్. డోంగ్లి దొర నా ముఖం మీద తలుపేసుకుంటడు!"

చిన్నమ్మ నా మీద విరుచుకుపడింది. "ఏం సాయెబురా వెంకటీ! తేల్చడు, తెంచడు. నా పానం నల్లదాని మీదున్నది. మాపో రేపో అది నాది కాదంటే ఏంగావాలె?" నాకూ ఒళ్ళు మండిపోయింది. ఈయన చేతుల్లో కుక్కపిల్లలు ముసలివై పోతాయని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను.

చివరికి ఒక పొద్దున సాహెబే కబురు పంపాడు. తల్లినీ పిల్లల్నీ అందరినీ తెమ్మన్నాడు. సాలెహాబీ చేత వెడల్పు పళ్ళెం నిండా పలచటి జొన్న గట్క చేయించి గేటు ముందు పెట్టించాడు. బిజిలీని దానికి కాస్త ఎడంగా పడుకోబెట్టించాడు. పిల్లలు అప్పటికే ఒకదాని చెవి ఒకటి కొరుకుతూ వీధంతా దొర్లుతుంటే పట్టి తల్లి దగ్గర వదిలాం.

"మీరు చేసుకున్నది మేక ఒప్పందం. కాబట్టి మేక రివాజే నడుస్తది" అన్నాడు సాహెబు. "హన్మంతూ, మేక పిల్ల లెక్కల కొచ్చేదెప్పుడు?"

"పాలు మరిచినంక."

"అంతదాంక?"

"తల్లిదే" అన్నాడు హన్మంతు, ఎటు పోతుందో తెలియక.

"అయిపాయె. తల్లిని ఇడిచి ఏది ముందుగాల గట్క తాగుతదో గదే మొదటి పిల్ల. ఎన్క తాగింది రెండోది. ఎవ్వలు నోరిప్పొద్దు."

ముందుగా కదిలింది బక్కది, నల్లదాని ధాటికి ఎన్నడూ కడుపు నిండనిది. పళ్ళెంలో ముందు కాళ్ళు రెండూ పెట్టి మరీ తాగింది. అది హన్మంతుది. వెనకే మచ్చది పోయింది, చిన్నమ్మది. అప్పుడు లేచింది నల్లది. చిన్నమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది, మూడోది అయితే హన్మంతు పాలు! హన్మంతు "చుచ్చుచ్చూ" అని పిలవబోతే సాహెబు గొడుగు ఎత్తాడు. నల్లది పళ్ళెం దాకా నడిచి, గట్క వాసన చూసి, గట్టిగా తుమ్మి, తిరిగి పోయి తల్లి పొదుగు పట్టుకుంది. ఈలోపు ఎర్రది, బూడిదది, తోక వంకరది వరసగా పళ్ళెం చేరాయి. నల్లది కన్నెత్తి చూడలేదు.

"ఆరోది! నాది!" చిన్నమ్మ గంతేసింది. ఆమె గంతెయ్యడం నేను అదే చూడటం.

"అన్యాలం! అది పాలు మరువనే లేదు!" అన్నాడు హన్మంతు.

"అందుకే తల్లికాడ ఉంటది" అన్నాడు సాహెబు. జనం ఘొల్లుమన్నారు. హన్మంతు కూడా మీసం మాటున నవ్వాడు. బక్కదాన్ని అంగీలో వేసుకుని, మిగతా రెండింటినీ గంపలో పెట్టుకుని, గట్టి పిల్లలేనని మెచ్చుకుంటూ పోయాడు.

జనం పోయాక నేను ఆగలేక అడిగేశాను. "ఈ మాట మొదటి పేషీలనే చెప్పొచ్చు గదా సాబ్! ఇందరిని ఇన్నిసార్లు తిప్పుడెందుకు?"

సాహెబు వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ రోజు చెప్తే హన్మంతు ఇనేటోడా వెంకటీ? మేకకు కుక్కకు పోలికేందని గంపల ఏసుకుని పోతుండె. బుక్కెడంత పిల్లలు, కండ్లు సుత తెరువలే. కామారెడ్డి చేరేదాంక బతుకుతయా? వద్దంటే కొట్లాటకొస్తడు. వాయిదా అంటే తిట్టుకుంట పోతడు. తిడితే నాకేమైతది?"

నాకు ఆయన దగ్గరికి వచ్చిన కుక్కల తగాదాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఏ తీర్పూ పిల్లలు పాలు మరిచేలోపు వచ్చింది కాదు. ఇన్నాళ్ళూ ఆయన్ని సోమరి అనుకున్న మేమందరం ఎంత తెలివైనవాళ్ళమో!

మరుసటేడు చిన్నమ్మ చేను గట్టు మీద నల్లది నిలబడి గొంతెత్తితే పందులు అడవి దాటి రాలేదు. పల్లీ బస్తాలు బండి నిండా ఇల్లు చేరాయి. బీబీపేటలోనూ బీర్కూర్లోనూ చేలు కాసే కుక్కల్లో ఎన్నో సాహెబు వాయిదాల చలవతో బతికినవే. పాపం, ఆ సంగతి వాటికేం తెలుసు? గొడుగు పట్టుకుని ఆయన కనబడితే చాలు, ఎగబడి మొరిగేవి. "ఆపుమను చిన్నమ్మా, సాయెబు మీదికే పోతున్నది" అని ఒకసారి నేను నల్లదాన్ని అదిలించబోతే, ఆయన గొడుగు అడ్డంపెట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూనే, ముఖమంతా నవ్వు చేసుకుని చెయ్యి ఊపాడు.

"మొరగనియ్ వెంకటీ, మొరగనియ్! ఏం గొంతున్నది దీనికి!"