బొట్టుబిళ్లల రిమోట్

నల్గొండలో మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మకు చదువు రాదు. టీవీకి, సెట్‌టాప్ బాక్సుకు, స్పీకర్లకు కలిపి ఒకటే రిమోట్‌ను ఆమె భర్త కొనుక్కొచ్చాడు. అన్ని బటన్లలో తనకు కావలసిన మూడింటి మీద ఆమె బొట్టుబిళ్లలు అంటించుకుంది. ఏదైనా ఊడిపోతే తన నుదుటి మీది బిళ్ల తీసి అక్కడ పెట్టేది. తర్వాత తీరిగ్గా అద్దం దగ్గరికి వెళ్లి తను ఇంకోటి పెట్టుకునేది.

భర్త పోయాక ఆమె బొట్టు తీయించారు. రెండు నెలలకు రిమోట్ మీద ఎర్ర బిళ్ల ఊడింది. అలవాటుగా ఆమె చెయ్యి నుదుటి దాకా వెళ్లి ఆగింది. మర్నాడు నాతో ఒక ప్యాకెట్ తెప్పించింది. అది చూసి ఆమె ఆడబిడ్డ, "గవి ఇంకెవరికి వదినె?" అని అడిగింది.

"రిమోట్‌కు," అంటూ ఆమె ఎర్ర బిళ్లను బటన్ మీద అదిమి పెట్టింది. "దాని మొగడు సావలే గద."